ఆపరేషన్ థియేటర్ (ఓటీ) ముందు బ్రష్షుతో తోముడు ఇంకా ఎందుకు?

ఆపరేషన్‌కు ముందు డాక్టరు మోచేత్తో కుళాయి తిప్పి, గోళ్ల నుంచి మోచేతుల దాకా బ్రష్షుతో బరబరా తోముకోవడం సినిమాల్లో కూడా చూసిందే. ఒకప్పుడు పది నిమిషాలు తోమాలనేవారు. ఎంత తోమితే అంత శుభ్రమన్న నమ్మకం సీనియర్ల నుంచి జూనియర్లకు అలాగే దిగుతూ వస్తోంది. కానీ బ్రష్షు చర్మాన్ని గీరేస్తుంది, గీరుకుపోయిన చర్మం క్రిములకు మంచి చోటు. చేతులకు బ్రష్షు వద్దని, యాంటీసెప్టిక్ సబ్బుతో అయితే రెండు నుంచి అయిదు నిమిషాలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. 2016లో ఇంకో మాట స్పష్టం చేసింది: యాంటీసెప్టిక్ సబ్బూ నీళ్లతో కడిగినా, ఆల్కహాల్ రబ్ (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం) రుద్దుకున్నా సరే.

ఇది గాలివాటం మాట కాదు. ఫ్రాన్స్‌లో ఆరు సర్జరీ విభాగాల్లో 4,387 మంది రోగులపై జరిగిన పరిశీలన 2002లో అచ్చయింది. రబ్ వాడినప్పుడు కోత దగ్గర ఇన్ఫెక్షన్ 2.44 శాతం, తోమినప్పుడు 2.48 శాతం. చెప్పినంతసేపు పాటించడం తోముడులో 28 శాతం, రబ్‌లో 44 శాతం. నాకు ఈ రెండో లెక్కే ముఖ్యమనిపిస్తుంది. మనుషులు చేయగలిగిన పద్ధతే పనికొస్తుంది.

ఫ్రాన్స్ సంగతి మనకెందుకు అనేవాళ్లకు కెన్యా ఉంది. కిజాబే అనే ఊరి ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ మామూలు సబ్బూ నీళ్లతో 8.3 శాతం, రబ్‌తో 8.0 శాతం. తేడా లేనట్టే.

ఇక మన పడమటి ప్రకాశం చూడండి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్త కాదు. ఉప్పునీళ్లలో సబ్బు సరిగ్గా నురగ కట్టదు. ఎండాకాలం వస్తే ట్యాంకరే దిక్కు. ఆ నీళ్లు సంపులోంచి పై ట్యాంకుకు, అక్కణ్నుంచి పాత పైపుల్లోంచి కుళాయికి. అయిదు నిమిషాలు శ్రద్ధగా తోముకున్న చేతుల మీద చివరగా పోసుకునేది ఆ నీళ్లే. నీళ్లలోనే క్రిములుంటే తోముడంతా వృథా. నీళ్లకు కటకటలాడే చోట రబ్ అవసరం ఎక్కువ. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతానికీ ఇదే వర్తిస్తుంది.

అలాగని రబ్ మంత్రజలం కాదు. రక్తం, మట్టి అంటిన చేతుల మీద పనిచేయదు, కొన్ని క్రిముల స్పోర్లను (గట్టి పెంకు కట్టుకుని నిద్రాణంగా ఉండే రూపాన్ని) చంపలేదు. అందుకే డ్యూటీ మొదట్లో ఒకసారి సబ్బుతో కడిగి, గోళ్ల కింద మురికి తీసి, బాగా ఆరబెట్టుకోవాలి. ఆ తర్వాత దోసిట్లో సుమారు 5 మిల్లీలీటర్లు పోసుకుని, రెండో చేతి వేళ్ల కొనలు అందులో ముంచి, మోచేతి దాకా చుట్టూ రుద్దాలి. చేతులు మార్చి మళ్లీ అలాగే. కంపెనీ చెప్పిన సమయమంతా చర్మం తడిగా ఉండాలి. మన ఎండలకు, పైన ఫ్యాన్ తిరుగుతుంటే అది ఇట్టే ఆవిరైపోతుంది, కాబట్టి పిసినారితనం పనికిరాదు. పూర్తిగా ఆరాకే గ్లవ్స్. తడి చేతికి గ్లవ్ ఎక్కదు సరికదా, కాటరీ (రక్తం ఆపడానికి కరెంటు వేడితో కాల్చే పరికరం) వాడే చోట ఆల్కహాల్ తడి అంటే మంటతో చెలగాటమే.

అసలు టెన్షన్ సరుకు దగ్గర. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ ఘటన తర్వాత ఆల్కహాల్ డబ్బాను బయట పెట్టాలంటే ఏ సూపరింటెండెంటుకైనా వెనకాముందూ ఉంటుంది. ఆ భయం అర్థమయ్యేదే. దానికి మందు తాళం, స్టాకు రిజిస్టరు. బ్రష్షు కాదు. అలాగే వార్డు గోడకు తగిలించే శానిటైజర్ వేరు, సర్జికల్ వాడకానికి పరీక్ష నెగ్గిన రబ్ వేరు. టెండర్‌లో రెండింటినీ ఒకే గాటన కట్టి, తక్కువ రేటు వేసినవాడికి ఇచ్చేస్తే ముందు పాడయ్యేది నర్సమ్మల చేతులు. గ్లిజరిన్ లాంటివి తగినంత లేని సరుకుతో చర్మం పగిలితే, రెండు వారాల్లో అందరూ మళ్లీ కుళాయి దగ్గరికే చేరతారు.

కాబట్టి ఏరియా ఆసుపత్రుల ఇండెంట్‌లో (కావాల్సిన సరుకుల జాబితాలో) సర్జికల్ రబ్‌కు విడిగా ఒక లైను ఉండాలి. మంట రేగకుండా చల్లటి గదిలో నిల్వ చేసే ఏర్పాటు కావాలి. మార్చిలో నీళ్ల ట్యాంకర్లకు రేట్లు పిలిచే నాటికి ఆ ఇండెంట్ జిల్లా కేంద్రానికి చేరి ఉండాలి.