బటన్‌కూ ముల్కీ ఉండాలి

హైటెక్ సిటీలో ఏ క్యాంటీన్‌లో కూర్చున్నా ఎవరో ఒకరు "ఈ యాప్ నేటివ్‌గా లేదు" అని పెదవి విరుస్తూనే ఉంటారు. అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ సొంత బిడ్డలా కనబడట్లేదని. ఏది నేటివో తేల్చే అధికారి మాత్రం లేడు. అందుకే శేరిలింగంపల్లి తహసీల్దారు గారికి మా విన్నపం: ఇకపై ప్రతి బటన్, ప్రతి మెనూ, ప్రతి స్క్రోల్‌బార్ మీసేవలో దరఖాస్తు పెట్టుకుని నేటివిటీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

నిబంధనలు కొత్తగా రాయక్కర్లేదు. నిజాం నాటి ముల్కీ లెక్క ఉండనే ఉంది: 15 ఏళ్లు స్థిరంగా కాపురముంటే స్థానికుడే. ఆ లెక్కన జావా యాప్‌లకు బటన్లూ మెనూలూ గీసిపెట్టే టూల్‌కిట్ స్వింగ్‌కు ఘోర అన్యాయం జరిగింది. సైబర్ టవర్స్ తలుపులు తెరిచిన 1998లోనే అది జావా 1.2తో దిగింది. అమీర్‌పేట దానికి ఎంత చాకిరీ చేసిందో! అయినా దాని 'మెటల్' అనే సొంత ముఖం కనబడగానే విండోస్ వాళ్లకు ఈనాటికీ ఎవరో చుట్టం చూపుగా వచ్చినట్టే ఉంటుంది. దాని అన్న, అంటే జావా మొదటి టూల్‌కిట్ ఏడబ్ల్యూటీ, ఆపరేటింగ్ సిస్టమ్ బటన్లనే అడిగి తెచ్చుకునేది. అన్ని సిస్టమ్‌లలోనూ దొరికేవే అడగాలి కాబట్టి పాపం దానికి పెద్దగా ఏమీ దొరికేది కాదు.

క్యూటీ అనే ఇంకో టూల్‌కిట్ సంగతి వేరు. అన్నీ తనే గీసుకుంటుంది, కానీ విండోస్‌లో విండోస్ యాస, మ్యాక్‌లో మ్యాక్ యాస. విండోస్‌లో ఓకే ముందు, మ్యాక్‌లో క్యాన్సిల్ ముందు అని కూడా దానికి తెలుసు. ఇంత వినయం చూస్తేనే అనుమానం.

వెబ్ పేజీలతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్ అసలు దరఖాస్తే పెట్టదు. దాని ప్రతి యాప్ సొంత క్రోమియం బ్రౌజర్‌ను వెంటేసుకొచ్చి విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ సమానంగా పరాయిదిగా ఉంటుంది. సామాజిక న్యాయం అంటే ఇదే కావచ్చు. 2013లో పుట్టింది, 2028కి ముల్కీ. గూగుల్ వారి టూల్‌కిట్ ఫ్లట్టర్ 1.0 వచ్చింది 2018 డిసెంబరులో. ఐఫోన్ యాప్‌లా కనబడే కుపర్టినో వేషం ఎంత బాగా కట్టినా 2033 దాకా ఆగాల్సిందే.

పరీక్షలో ఒక తెలుగు ప్రశ్న కూడా పెట్టాలి. సొంతంగా గీసుకునేవాళ్లు అక్షరాలనూ తామే పేర్చుకోవాలి కదా, 'స్త్రీ' అని రాయమనండి. అక్షరాలను కూర్చిపెట్టే హార్ఫ్‌బజ్ లాంటి తోడు లేనిది 'స్‌త్‌రీ' అని రాస్తే అక్కడికక్కడే తిరస్కరించాలి.

చిక్కల్లా విండోస్ 11 దగ్గరే. సెట్టింగ్స్‌ది ఒక ముఖం, కంట్రోల్ ప్యానెల్‌ది ఇంకో ముఖం. ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే కొత్త మెనూ, అందులో 'షో మోర్ ఆప్షన్స్' నొక్కితే పాత మెనూ. ఇంటి ఓనరు కాబట్టి ప్రస్తుతానికి ఆరు నెలల తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి, రెండు మెనూలూ ఒకే తండ్రి బిడ్డలేనని అఫిడవిట్ తీసుకోవాలి.