గౌరవనీయులైన ‘చూద్దాం’ గారికి

మహారాజశ్రీ ‘చూద్దాం’ గారి దివ్య సముఖమునకు,

నెల్లూరు నుంచి తమ భక్తుడు నమస్కరించి రాసుకునే మనవి. ఇక్కడ మేమంతా కులాసా. తమరి కులాసా అడగక్కర్లేదు. ఫిలింనగర్‌లో తమరు కొలువుండని ఆఫీసు నాకింతవరకూ కనపడలేదు.

పోయిన బుధవారం తమరి దర్శనం మళ్ళీ అయింది. మంగళవారం సాయంత్రం సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీ ఎక్కి, మా సినిమా ఉన్న హార్డ్ డిస్కూ, పెన్‌డ్రైవూ పెట్టిన సంచిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చునే పోయా. సికింద్రాబాద్ స్టేషన్ కుళాయి దగ్గర మొహం కడిగి, ఇస్త్రీ చొక్కా మార్చుకుని, పదకొండింటికల్లా ఫిలింనగర్ ఆఫీసు సోఫాలో ఉన్నా. లోపలికి పిలుపు సాయంత్రం అయిదున్నరకి. ఈలోగా గోడ మీదున్న షీల్డులన్నీ రెండేసి సార్లు చదివేశా. ఆఫీస్ బాయ్ మూడు టీలిచ్చాడు. మూడో టీ ఇస్తూ “యే ఊరన్నా?” అన్నాడు, ఆస్పత్రి వరండాలో అడిగినట్టు.

లోపల పెద్దాయన చెవి దగ్గర ఫోను, ముందర ల్యాప్‌టాప్, అందులో మా సినిమా. సరిగ్గా నాలుగు నిమిషాలు నడిచింది. ఆ నాలుగు నిమిషాలూ ఆయన ఎవరితోనో ప్లాటు రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడుతున్నారు, అందుకని సౌండ్ మ్యూట్‌లో పెట్టారు. మా సినిమా నిలబడిందే సౌండ్ మీద సామీ! రొయ్యల గుంటలో నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల రొద వినపడుతూ వినపడుతూ ఒక్కొక్కటే ఆగిపోవడం, అదే మా భయం, అదే మా విలన్. మ్యూట్‌లో అది నీళ్ళ పక్కన కుక్కి మంచమ్మీద కూర్చున్న ఒక ముసలాయన, అంతే. పెద్దాయన ఫోను పెట్టేశారు. ల్యాప్‌టాప్ కూడా మూసేశారు. నా భుజం తట్టి తమరి నామస్మరణ చేశారు.

“బాగా తీశావు తమ్ముడూ. చూద్దాం.”

తమరు అనేక రూపులని నాకీ ఏడాదిలో తెలిసింది. ‘చూద్దాంలే’ అంటే ఇంక రావద్దని. ‘చూద్దాం తమ్ముడూ’ అంటే టీ తాగి పొమ్మని. ‘తప్పకుండా చూద్దాం’ అంటే ఈపాటికి నా నెంబరు బ్లాకయిందని. ‘పండగ పోయాక చూద్దాం’ అని ఒకటుంది. ఏ పండగో చెప్పరు. సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది.

తమరు నాకు మొదట ఎదురైంది మా జిల్లాలోనే. ఇందుకూరుపేట వైపు గుంటలున్న ఒక పెద్దమనిషికి కథ చెప్పా. రాత్రి కాపలా మనిషి, చీకటి, ఆగిపోయే ఏరియేటర్లు. ఆయన రెప్ప వెయ్యలేదు. ఎట్టా వేస్తాడు? ఏరియేటర్ ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య తేలిపోతుంది, తెల్లారేసరికి లక్షలు పోతాయి. మాకు థ్రిల్లరే, ఆయనకది దెయ్యం సినిమా. “ఖర్చు నేను పెడతా అబ్బయ్యా” అన్నాడు. అన్న మాట ప్రకారం సగం పెట్టాడు కూడా. మిగతా సగం రొయ్యల పట్టుబడి అయినాక అన్నాడు. ఇంతలో 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కించింది. రొయ్య ధర పడింది. “ఇప్పుడేం చెప్పలేను అబ్బయ్యా, చూద్దాం” అన్నాడు. ఆయన్ని ఒక్క మాట అనను. ఆయన నిజంగానే చూస్తా ఉన్నాడు, పొద్దున లేచి ధర. వాషింగ్టన్‌లో సంతకం పడితే మైపాడు రోడ్డులో మా రెండో షెడ్యూల్ ఆగింది. అంతర్జాతీయ స్థాయి సినిమా అని పోస్టర్ మీద వేసుకుంటా, ఎవరైనా వద్దంటే ఈ సంగతి చెబుతా.

మిగతా సగం మా అమ్మ పాడిన చీటీ. మొత్తం 6 లక్షల 40 వేలు. పంతొమ్మిది రాత్రులు. దోమలకి వేరే బడ్జెట్ లేదు, రక్తంతోనే సర్దుకున్నాం.

సినిమా మా జిల్లాకి కొత్తేం కాదు. రాజనాల గారిది కావలి. రమణారెడ్డి గారు మావాడే, సింగీతం గారూ మావారే. వాళ్ళ రోజుల్లో సినిమా మద్రాసులో ఉండేది, మద్రాసు మాకు మూడు గంటలు. పొద్దున పోయి కాదనిపించుకుని రాత్రి అన్నానికి ఇంటికి రావచ్చు. సినిమా హైదరాబాదుకి తరలిపోయింది, కాదనిపించుకోవడానికి కూడా రాత్రంతా రైలు. పోనీ కాదంటారా? అదీ అనరు, తమరున్నారుగా.

సెన్సారు గురించి ఒక్క ముక్క. జంతువులు కనపడితే జంతు సంక్షేమ మండలి వారి కాగితం ఉండాలన్నారు. ఆ ఆఫీసు హర్యానాలో. మా సినిమాలో ఒక కుక్క, రెండు కొంగలు అనుకుని లెక్క రాసుకున్నా. తర్వాత 1960 నాటి చట్టం తీసి చదివితే, మనిషి కాని ప్రాణి ప్రతిదీ జంతువేనంట. మరి గుంటలో రొయ్యలో? లక్షల్లో ఉండాయి స్వామీ. వాటిల్లో ఒక్కటీ నటించలేదని రాసిచ్చే మొనగాడి కోసం వెతుకుతున్నా.

ఓటీటీలు నేరుగా తీసుకోవు, మధ్యవర్తి కావాలి. మధ్యవర్తికి ముందు ఫీజు కావాలి. ఫెస్టివల్స్‌కి ఫీజు డాలర్లలో. చాలు, అది మా అమ్మకి తెలియనివ్వలేదు.

ఈ మొత్తం ప్రయాణంలో తమరిని తల్చుకోని మనిషి ఒక్కడే తగిలాడు, మా ఊళ్ళోనే, ట్రంకు రోడ్డు పక్కన ఒక హాలు మేనేజరు. కలెక్షన్ల లెక్కల్లో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు అన్నీ అయినాక అట్టడుగున ‘నెల్లూరు’ అని మాకూ ఒక గడి ఉంటుంది కదా. ఆ గడి ధైర్యంతో పోయా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ లెక్క చెప్పాడు.

“నీ బొమ్మని ఎవుడూ కొనడబ్బయ్యా. హాలు రెంటు నువ్వే కట్టాల. బొమ్మని హాలు తెర మీద వేసే డిజిటల్ కంపెనీలకి, క్యూబుకో యూఎఫ్ఓకో, డబ్బులు నువ్వే కట్టాల. పోస్టర్లు నువ్వే అతికించుకోవాల. మార్నింగ్ షోకి పన్నెండు మంది వస్తారు, అందులో తొమ్మిది మంది మీవోళ్ళే. వచ్చింది రెంటుకి చాలకపోతే ఆ డెఫిసిట్టూ నువ్వే కట్టాల. ఎందుకబ్బా నీకిది? నా వల్ల కాదు, పో.”

కాదు! చెవిలో అమృతం పోసినట్టయింది. ఆ డిజిటల్ ఛార్జీలు కట్టలేమని పెద్ద పెద్ద నిర్మాతలే 2018 మార్చిలో హాళ్ళు మూయించారు, నేనెంత? ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజం. కిందికొచ్చి మలై కాజా కొని మళ్ళీ పైకెక్కి ఆయనకిచ్చి వచ్చా. ఆ రోజు సాయంత్రం హాయిగా నిద్రపోయా కూడా. కాదంటే ఇంకో గుమ్మం తొక్కొచ్చు. చూద్దామంటే ఆ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పుకుని నిలబడాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఇది మాత్రం నేను వదిలేది లేదు.

పెళ్ళిసంబంధం గురించి చూద్దామంటే సరే. ఉద్యోగం గురించి చూద్దామంటే సరే. నేను తెచ్చిందేంటి? సినిమా. దాంతో చెయ్యగలిగిన పని ఒక్కటే, చూడటం. తినలేరు, తొడుక్కోలేరు. ఇరవై మూడు మందికి లింకు పంపా, ఇరవై ముగ్గురూ ‘చూద్దాం’ అన్నారు. నెల తర్వాత ఆ లింకు కింద వ్యూస్ ఎన్నో తెలుసా తమరికి? మూడు. ఒకటి నాది, ఆడుతుందో లేదో చూసుకున్నా. ఒకటి మా కెమెరా వాడిది. ఇంకోటి మా అమ్మది, అదీ పప్పు మాడిపోతుందని సగంలో లేచింది.

యూట్యూబ్‌లో పెట్టుకో అని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉండారు. అక్కడ ప్రకటనల డబ్బులు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. మాది 96 నిమిషాల సినిమా. అంటే 2500 మంది మొదట్నించి చివరిదాకా కదలకుండా చూడాలి. అదీ అందరికీ కనపడేట్టు పెడితేనే లెక్క. అందరికీ కనపడేట్టు పెట్టామా, ‘ఊరికే దొరికేదాన్ని మేమెందుకు కొంటాం’ అంటారు. పెట్టకపోతే ‘బజ్ ఏముంది తమ్ముడూ’ అంటారు.

అరే, ముప్పై ఒకటో నిమిషంలో ఒక మలుపుంది. దానికోసం మావాడు నడుం లోతు బురదలో నాలుగు గంటలు నిలబడి జ్వరం తెచ్చుకున్నాడు. ఆ ముప్పై ఒకటో నిమిషం దాకా ఒక్కడు, ఒకే ఒక్కడు, రాలేదు! ఏం, నీకు అరగంట లేదా? ప్లాటు గురించి మాట్లాడ్డానికి ఉందే! రీల్స్ తోసుకుంటూ కూర్చోవడానికి ఉందే! చూసి చెత్తగా ఉందని చెప్పు, పడతా. ఎడిటింగ్ రాదని తిట్టు, నేర్చుకుంటా. చూడకుండా బాగుందని ఎట్టా అన్నావు? చూసేశాక మళ్ళీ చూద్దామని ఎట్టా అన్నావు? అసలు నువ్వు మాటవా, తలుపు గడియవా?

క్షమించాలి. తమరిని నువ్వన్నాను. అన్నదాన్ని కొట్టెయ్యను.

రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పొమ్మంది మా అమ్మమ్మ. స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అన్నీ దొరుకుతాయి, సినిమా రొట్టె కూడా అడగమంది. నేనూ ఆలోచించా. కానీ పద్ధతి ఏంది? కోరిక తీరినవాళ్ళు మరుసటేడు రొట్టె తెచ్చి ఇస్తే, కోరిక ఉన్నవాళ్ళు పట్టుకోవాలి. మరి ‘చిన్న సినిమా రిలీజు రొట్టె’ నాకిచ్చేదెవరు? మోకాలి లోతు నీళ్ళలో ఎంతసేపు నిలబడితే అట్టాంటి మనిషి ఎదురవుతాడు?

బుధవారం రాత్రి రైల్లో తిరిగొస్తూ, ఆ గుంటల దగ్గరే వేసేద్దామని మావాళ్ళకి మెసేజ్ పెట్టా. ఆదివారం రాత్రి కాలేజీ ప్రొజెక్టర్ అడిగి తెచ్చి, రెండు వెదురు బొంగులకి తెల్ల దుప్పటి కట్టి, ఫీడు బస్తాలు పరిచాం. కాపలా మనుషులు, మేత జల్లే కుర్రాళ్ళు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, మొత్తం ముప్పై నలుగురు. మా సినిమాకి హౌస్‌ఫుల్ అంటే అదే. మొదటి పావుగంట ఎవరో ఒకరు “రేయ్, అది మన మూడో నెంబరు గుంట రా” అంటానే ఉన్నారు.

ముప్పై ఒకటో నిమిషం వచ్చింది. మావాడు బురదలోకి దిగాడు. ఒక్కరూ దగ్గలేదు. నేను దుప్పటి వైపు చూడ్డం మానేసి వాళ్ళ మొహాలే చూస్తా కూర్చున్నా.

గంటా పది నిమిషాలకి, సినిమాలో ఆఖరి ఏరియేటర్ ఆగే చోట, కరెంటు పోయింది. దుప్పటి నల్లబడింది. చప్పుడంతా ఆగింది. మాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ముప్పై నలుగురూ ఊపిరి బిగబట్టి చీకట్లోకి చూస్తానే ఉండారు, క్లైమాక్స్ అనుకుని. పది సెకన్లు అయినాక మా సినిమాలో వేషం కట్టిన కాపలా తాత లేచి “ఒరే, ఇది సినిమా కాదురా, మనదేరా!” అని అరిచాడు. ఇంక చూడు, జనరేటర్ల దగ్గరికి ఒకటే పరుగు. కెమెరా వాడూ నేనూ కూడా పరిగెత్తాం.

ఏరియేటర్లు తిరిగాయి. జనరేటర్ వాటికే బొటాబొటిగా సరిపోయింది, ప్రొజెక్టర్‌కి ఇవ్వమని అడిగే మొహం మాకు లేదు. సర్దుకుందామని వైరు చుట్టబోతుంటే తాత వచ్చి పంచెతో చేతులు తుడుచుకుంటూ బస్తా మీద కూర్చున్నాడు.

“యాడికబ్బయ్యా? కరెంటు రానీ. మిగతాది చూద్దాం.”

కరెంటు పదకొండూ నలభైకి వచ్చింది. ఇద్దరు తప్ప అందరూ ఉన్నారు, ఆ ఇద్దరూ జనరేటర్ కాడ ఉన్నారు. వాళ్ళ కోసం మొన్న మళ్ళీ వేశాం.

ఇట్లు,
ఇరవై మూడు సార్లు తమరిని నమ్మి, ఇరవై నాలుగోసారి పొరపాటు పడనివాడు,
నెల్లూరు.

తా.క.: పోయిన బుధవారం ఆ పెద్దాయన బల్ల మీద మా పెన్‌డ్రైవ్ ఉండిపోయింది. 64 జీబీ, ఎర్రది. సినిమా చూడకపోయినా పర్వాలేదు, అది మా కెమెరా వాడి చెల్లెలిది. ఫోన్ చేసి అడిగా. వెతికి చూద్దామన్నారు.