మహారాజశ్రీ చిత్రిక గారి సముఖమునకు

అయ్యా,

ఎలక్ట్రిక్ గిటార్‌ను కరెంటు పనిముట్లు ముట్టుకోకుండా చేస్తానని నలుగురి ముందూ గొప్పలు పోయిన మీ సేవకుడు అనేక నమస్కారాలతో రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఆ కుశలంలో నా కుడి భుజం, నడుము, ఎడమ బొటనవేలు చేరవని మనవి.

చెక్క పొరలు తీసి నునుపు చేసే పనిముట్లలో మీ వంశం గొప్పతనం ముందుగా ఒప్పుకుంటాను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన పాంపే నగరాన్ని తవ్వితే మీ పూర్వీకులు బయటపడ్డారు. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఇంకా వందేళ్ళు కూడా నిండలేదు. అంతటి ముత్తాతను లాక్కొచ్చి ఈ పసివాడికి స్నానం చేయించమనడం నా తప్పే. కానీ ఆ తప్పు నాకు సొంతంగా పుట్టలేదు, చదివి తెచ్చుకున్నాను.

ఇంగ్లండులో బ్రయన్ మే అనే కుర్రాడు 1963లో వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ చెయ్యడం మొదలుపెట్టాడు. మెడకు పాత నిప్పుగూడు చట్రంలోని చెక్క వాడారు. దానికి పురుగు తొలిచిన బొక్కల్లో అగ్గిపుల్లలు కూరారు. స్వరాన్ని ఊపే మీట కింద మోటారు సైకిల్ ఇంజను స్ప్రింగులు పెట్టారు, మీట కొసకు అల్లిక సూది ముక్క తొడిగారు. మెడ మీద అడ్డంగా దిగ్గొట్టే లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్ల మధ్య గుర్తులు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప బొత్తాలు. మొత్తం రెండేళ్ళు పట్టింది. క్వీన్ అనే రాక్ బృందంలో ఆయన వాయించింది ఆ గిటారే. ఇది చదివి నేను రాత్రంతా నిద్రపోలేదు. ఆయన తర్వాత ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేటు కూడా తెచ్చుకున్నాడని నేను చదివినచోట చివర్లో ఎక్కడో ఉంది. ఆ ముక్క మొదటే రాసి ఉంటే జాగ్రత్తపడేవాణ్ణి.

అసలు ఈ వాయిద్యం మీ చేతికి రావాలని పుట్టింది కాదండీ. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. 1950లో ఆయన బయటికి తెచ్చిన గిటార్‌కు గుల్ల పొట్ట లేదు, వంపుల సొగసు లేదు. ఒక దిట్టమైన పలక, దానికి నాలుగు స్క్రూలతో బిగించిన మెడ. మెడ పాడైతే విప్పి ఇంకొకటి బిగించుకోవచ్చు. ఫ్యాక్టరీలో మిషన్ల మీద చకచకా తయారవ్వాలనే వేసిన నమూనా అది. వాయించడం రాని మనిషి అంత తేలిక చేసిపెట్టిన పనిని, వాయించడం అరకొరగా వచ్చిన నేను మళ్ళీ కష్టం చేసుకున్నాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు. గొడ్డలితో పోయేదాన్ని గోళ్ళతో గీకే రకం నేను.

ఇక మీ సేవలు. మీ బ్లేడుకు 25 డిగ్రీల ఏటవాలు కావాలి, దాని కొసన 30 డిగ్రీల సన్నటి అంచు కావాలి. సానరాయి మీద నీళ్ళు చల్లి రుద్దుతూ, బ్లేడు వెనక వేలితో తడుముతూ ఉండాలి. వేలికి గరగరమని ఇనప నూగు తగిలితే అంచు వచ్చినట్టు. ఆ నూగును తీసేశాక ముంజేతి మీద ఆనించి చూడాలి, వెంట్రుకలు తెగాలి. నా ఎడమ చెయ్యి ఇప్పుడు మోచేతి నుంచి మణికట్టు దాకా గుండు కొట్టించుకున్నట్టుంది. చూసినవాళ్ళు ఏదైనా చర్మవ్యాధా అని మెల్లగా అడుగుతున్నారు.

లెక్క కూడా చెప్పనివ్వండి. నేను తెచ్చిన మహాగని పలక మందం 52 మిల్లీమీటర్లు. కావలసింది 45. పొరకు 0.1 మిల్లీమీటరు తీస్తే 70 పొరలు. మీ బ్లేడు వెడల్పు 50, పలక వెడల్పు 350, అంటే ఒక్కో పొరకు 7 వరసలు. మొత్తం 490 తోపులు, అదీ ఒక్కటి కూడా వృథా పోకపోతే. ఈ లెక్క నేను నూట యాభయ్యో తోపు దగ్గర ఆయాసపడుతూ కూర్చున్నప్పుడు వేశాను. మొదట పలకకు అడ్డంగా తోసి లావు పొరలు తీసెయ్యాలని, నిలువుగా సన్నపొరలు చివర్లోనని తెలిసింది మూడొందలు దాటాక.

ఒక్క విషయంలో మాత్రం మీకు సాష్టాంగపడతాను. రెండు పలకలను అంచులు కలిపి అతికించాలి కదా, సందులో వెలుతురు కనిపించకూడదు. నా చెయ్యి ఎప్పుడూ కాస్త కుడికి ఒరుగుతుంది, అంచు వాలుగా వస్తుంది. రెండు పలకలనూ పుస్తకం మూసినట్టు పక్కపక్కన పట్టుబిగించి ఒకేసారి చిత్రిక పట్టమన్నారు పెద్దలు. అలాగే చేశాను. తర్వాత పుస్తకం తెరిచినట్టు తెరిస్తే ఒకదాని వాలు ఇంకోదాని వాలుకు సరిపోయి కూర్చుంది. దీపం ముందు పెట్టి చూశాను, వెంట్రుకంత వెలుగు లేదు. వంకరవాళ్ళిద్దరికి పెళ్ళి చేస్తే కాపురం చక్కగా సాగినట్టుంది. ఆ సాయంత్రం మీ దిమ్మను నూనె గుడ్డతో తుడిచి ముద్దుపెట్టుకున్నమాట నిజం.

ఆ మర్నాడే కదా నువ్వు నీ బుద్ధి చూపించింది!

మన్నించాలి, ఇక్కడ 'మీరు' రావడం లేదు. వెనక వైపు ఆఖరి పొరలు తీస్తున్నాను. కాగితంలాంటి చుట్టలు నీ నోట్లోంచి సుయ్‌మని లేస్తున్నాయి, నాకు ఒళ్ళు తెలియడం లేదు. మహాగనిలో పీచు ఒక చారలో ఇటూ, పక్క చారలో అటూ పరుగెత్తుతుందని నీకు తెలియదా? రెండు వేల ఏళ్ళ అనుభవం దేనికి తగలేశావు? ఒక్కసారి కర్‌మన్నావు. తీసి చూస్తే పలక పైభాగాన అరచేయంత మేర పీచు పెళ్ళలుగా లేచిపోయి, పళ్ళతో కొరికినట్టుంది. దాన్ని సరిచెయ్యబోయి ఇంకాస్త తీశాను, అది సరిచెయ్యబోయి మరికాస్త. ఆడలేక మద్దెల ఓడంటున్నావా అని నువ్వు అనొచ్చు. మద్దెల నిజంగానే ఓడు కావచ్చు కదా అప్పుడప్పుడూ!

సరే. మీ బంధువుల సంగతి. ఉలి గారు మెడ కూర్చునే గుంటను 16 మిల్లీమీటర్ల లోతున తవ్వారు. ఒక పక్క కాస్త ఎక్కువ తవ్వారు. సందులో విజిటింగ్ కార్డు ముక్క పెట్టాను, ఆ విషయం అక్కడితో వదిలేద్దాం.

రంపం గారిది వేరే కథ. మెడ కొసన తీగ ఆనే నట్ నుంచి పలక మీద తీగ ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే వచ్చే 36.37 దగ్గర మొదటి ఫ్రెట్. మిగిలిన పొడవును మళ్ళీ 17.817తో భాగించాలి, అలా 22 సార్లు. 12వ ఫ్రెట్ సరిగ్గా సగం దూరంలో, 324 దగ్గర పడాలి. గెలీలియో వాళ్ళ నాన్న విన్సెంజో 16వ శతాబ్దంలో లూట్ వాయిద్యానికి 18 అనే అంకె సరిపెట్టాడు. దానితో లెక్క తేలికే గానీ 12వ ఫ్రెట్ సగానికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ముందే ఆగిపోతుంది. నేను ఆ పాపం చెయ్యలేదు. 17.817నే వాడాను. కాకపోతే ప్రతి ఫ్రెట్‌నూ నట్ నుంచి కొలవకుండా ముందరి ఫ్రెట్ నుంచి కొలిచాను. ఒక్కోచోట పెన్సిలు గీతంత తేడా కలుస్తూ పోయింది. తొమ్మిది గాట్లు కోశాక అనుమానం వచ్చి చూస్తే నా పన్నెండో పెన్సిలు గీత 325.5 దగ్గరుంది. ఫ్రెట్లు దిగాల్సిన ఆ చెక్క ఇప్పుడు కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఆపుగా పనిచేస్తోంది. చక్కగా పనిచేస్తోంది.

నెలల తరబడి ఈ తంతు చూసిన మా ఆవిడ ఒక్కటే ప్రశ్న వేసింది. "పూర్తయ్యాక దీన్ని కరెంటుకే కదండీ గుచ్చేది?"

అదేనండీ అసలు బాధ. ఈ గిటార్‌లో స్పీకరుకు వెళ్ళేది ఏమిటి? ఉక్కు తీగ అయస్కాంతం మీద ఊగుతుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది, అందులో కరెంటు పుడుతుంది. దీన్నే పికప్ అంటారు. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతే. మీరు 490 తోపుల్లో తెచ్చిన నునుపు ఆ రాగి చుట్టకు కనపడదు. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే గిటారిస్టు నాలుగు అంగుళాల చదరపు పైన్ దుంగకే తీగలూ పికప్‌లూ బిగించి వాయించాడు. చూడ్డానికి గిటార్‌లా లేదని దానికి ఇరుపక్కలా గిటార్ రెక్కలు తగిలించాడు. అంటే మనం ఇన్నాళ్ళూ పాటుపడింది ఆ రెక్కల కోసం. చెక్కను బట్టి నాదం మారుతుందని ఒకరూ మారదని ఒకరూ జుట్లు పట్టుకుంటున్నారు. నా పెట్టుబడి ప్రకారం నేను మారుతుందనే పక్షంలో ఉండక తప్పదు.

ఇంకో మాట అంటే కోపం తెచ్చుకోకండి. చేతిపని, చేతిపని అని నేను ఊదరగొట్టేటప్పుడు మీరు కూడా గంభీరంగా కూర్చుంటారు గానీ, మీ ఇనప దిమ్మ పోతపోసింది ఫ్యాక్టరీలో. మీ అడుగు చదును చేసింది మిషను. మీ నంబరు మీ వీపు మీదే ఉంది.

గిటార్ పూర్తయింది. మొన్న మా స్నేహితుడు వచ్చి ఒళ్ళో పెట్టుకుని వాయించాడు. 14వ ఫ్రెట్ దగ్గర తీగ జుయ్‌మంది, వాడు పట్టించుకోలేదు. వెనక్కి తిప్పి, మీరు కొరికిపెట్టిన చోట, నేను సరిచేసి సరిచేసి గుంట చేసిన చోట చెయ్యి పెట్టి నిమిరాడు. పాత పలక గిటార్ల అంచు పక్కటెముకలకు గుచ్చుకుంటోందని వాయించేవాళ్ళు మొత్తుకుంటే, 1954లో ఫెండర్ వాళ్ళు స్ట్రాటోకాస్టర్ అనే గిటార్‌కు వెనక సరిగ్గా అక్కడే గుంట చెక్కారని వాడికి తెలుసు.

"అబ్బ, ఒంటికి ఎలా అతుక్కుపోయిందిరా! కొలత ఎలా తీసుకున్నావు?" అన్నాడు.

"కొలతలేమిటిరా, చేతికి తెలిసిపోతుంది" అన్నాను.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: పికప్ తీగలు అతకడానికి పూర్వకాలపు పద్ధతిలో రాగి మొనను మంట మీద కాల్చి పట్టుకొచ్చాను. టిన్ను కరగలేదు, తీగ మీది ప్లాస్టిక్ కరిగింది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక పక్కింట్లో అడిగి తెచ్చిన కరెంటు సోల్డరింగ్ ఐరన్‌తో పది నిమిషాల్లో పని ముగించాను. సానరాయికి ఈ సంగతి తెలియనివ్వకండి.