గడియారం బొమ్మ గీస్తే మతిమరుపు పోతుందట!

"బొమ్మ గీయండి, బుర్రకు పదును పెట్టండి" అన్న వాట్సాప్ మెసేజ్ చేరని గ్రూపు మా ఒడిశా పర్లాకిమిడిలో ఉన్నట్టు లేదు. చుట్టాల గ్రూపు, కాలనీ గ్రూపు అయిపోయి, నిన్న గుణుపురం పెళ్లివారి గ్రూపులోకీ వచ్చింది. అందరూ "తప్పక చదవండి" అని పంపేవాళ్లే. చదివి పంపుతున్నట్టు మాత్రం నాకు అనిపించలేదు.

అందులో ఐదు ముక్కలున్నాయి. గీసినది జన్మలో మరచిపోరు. బొమ్మలు కుడి మెదడులో, అక్షరాలు ఎడమ మెదడులో దాగుంటాయి. పిల్లలు నోట్సు మానేసి బొమ్మలే వేసుకోవాలి. ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల జ్ఞాపకశక్తి రహస్యం వాళ్ల గోడబొమ్మలు. రోజూ గడియారం గీస్తే మతిమరుపు జబ్బు నయమై మందులు అక్కర్లేదు.

కుడి ఎడమల సంగతి ఒక్క మాటలో తేలుతుంది. ఈ మాటకు మూలం మెదడు శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ తెచ్చిన పని. అందులో మూర్ఛకు వైద్యంగా మెదడు రెండు భాగాల మధ్య నరాల వంతెనను కోసేసిన మనుషులున్నారు. మనకు ఆ వంతెన బాగానే ఉంది. గీసినా రాసినా రెండు వైపులూ పనిచేస్తాయి.

సవరలది ఇంకా తేలిక. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం. జబ్బు చేసినప్పుడు, పంటల వేళ వేస్తారు. దాన్ని మెమరీ ట్రిక్కు చేసిన మహానుభావుడు గజపతి జిల్లా కొండ ఒక్కటైనా ఎక్కాడా?

"జన్మలో మరచిపోరు" అన్నదానికి కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయాన్ని సాక్ష్యం తెచ్చారు. 2016లో అచ్చయిన ఆ పరిశోధన నిజమైనదే. కొన్ని పదాలకు బొమ్మ గీయమన్నారు, కొన్నిటిని పదేపదే రాయమన్నారు. కాసేపటికి అడిగితే, గీసినవి రాసినవాటికి దాదాపు రెట్టింపు గుర్తొచ్చాయి. రెట్టింపు గొప్పే. కానీ గీసినవాటిలోనూ చాలా జారిపోయాయి, అదీ అదే రోజు!

నోట్సు మానేయమంటారా? ఇక్కడి మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియాలో పరీక్ష రాస్తారు. గుండె బొమ్మ ఎంత బాగా గీసినా నాలుగు గదుల పేర్లు ఒడియా అక్షరాల్లోనే పెట్టాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిందని గుర్తుంచుకోవడానికి ఏ బొమ్మ వేయమంటారో కూడా ఆ మెసేజ్‌లోనే చెప్పి ఉంటే బాగుండేది.

ఇవన్నీ నవ్వి వదిలేయవచ్చు. గడియారం ముక్కను వదల్లేను. "డాక్టర్లు కూడా రోగులతో గడియారం గీయిస్తారు" అన్నారు. గీయిస్తారు, అది పరీక్ష! కాగితం మీద గడియారం వేసి, ఒకటి నుంచి పన్నెండు అంకెలు పెట్టి, పదకొండు దాటి పది నిమిషాలు చూపించమంటారు. మెదడు దెబ్బతింటున్నవాళ్లు కొందరు అంకెలన్నీ ఒకవైపే కుక్కేస్తారు. కొందరు "పది" అన్న మాట విని, పెద్దముల్లును రెండు మీద బదులు పది మీద పెడతారు. ఆ తప్పులను బట్టే డాక్టరుకు అనుమానం వస్తుంది. రోజూ గడియారం గీస్తే జబ్బు పోతుందనడం థర్మామీటరు పెట్టుకుంటే జ్వరం దిగుతుందన్నట్టుంది.

పైగా మందులు అక్కర్లేదట. మతిమరుపుకు బి12 తక్కువవడం, థైరాయిడ్, దిగులు, వాడుతున్న నిద్రమాత్రలు కూడా కారణాలే. వీటికి వైద్యం ఉంది, చూపించుకుంటేనే తెలుస్తుంది. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ జబ్బును పోగొట్టదు, కొందరిలో లక్షణాలకు కొంతకాలం అడ్డుపడుతుంది. సొంతంగా ఆపేస్తే ఉన్న కాస్తా జారిపోవచ్చు. ఇంత వివరం ఎందుకంటే, మా వీధిలో ఒకాయన బరంపురంలో వాళ్లమ్మకు రాసిచ్చిన మాత్రలు పక్కన పెట్టేసి డ్రాయింగు పుస్తకం కొన్నాడు. అడిగితే "సైన్సే చెప్పింది కదండీ" అన్నాడు. ఏ సైన్సు బాబూ, ఫార్వర్డ్ సైన్సా?

అయితే మెసేజ్ చివరి వాక్యం, "బొమ్మలు రానివాళ్లూ గీయండి" అన్నది మాత్రం నిజం. గీతలు వంకర పోయినా ఫలితం ఉంది, నాలుగు సెకన్లు గీసినా చాలు. ఆ వాటర్లూ వాళ్లే తర్వాత జబ్బు లేని పెద్దవాళ్లతో చేయిస్తే వాళ్లకూ బాగా పనికొచ్చింది. బజారు చిట్టీలో వంకాయ, సబ్బు, కొబ్బరికాయ గీసుకుని వెళ్లే తాతగారిని చూసి ఎవరూ నవ్వక్కర్లేదు. మా వీధి ఆయన్ని కూడా పుస్తకం కొన్నందుకు నేనేమీ అనలేదు, మాత్రలు మళ్లీ మొదలుపెట్టమన్నాను. డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతానన్నాడు. ఇంకా చేయలేదు.