బేస్ గిటారిస్టుకి నాలుగు బ్యాండ్లుండాలి

"ఇప్పటికే నాలుగు బ్యాండ్లు మారాడట, కుదురు లేని మనిషి." బెజవాడలో బేస్ గిటార్ (పాటకి అడుగు స్వరాలిచ్చే గిటార్) వాయించే కుర్రాడి గురించి ఈ మాట పెళ్లిచూపుల్లోనే కాదు, ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘాల కల్చరల్ కమిటీల్లోనూ వినబడుతుంది. ఆ లెక్కే తప్పు. బేసిస్టును నాలుగు బ్యాండ్లు పిలిచాయంటే నాలుగు చోట్లా పనికొచ్చాడని అర్థం.

విజయవాడ, గుంటూరుల్లో ఒక్క బ్యాండునే నమ్ముకుంటే ఏడాది గడవదు. వినాయక చవితి నుంచి దసరా దాకా పందిళ్లలో ఆర్కెస్ట్రాలు. డిసెంబరంతా చర్చి కార్యక్రమాలు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత ఉత్సవాలు. పెళ్లి సంగీత్‌లు ముహూర్తాలను బట్టి. ఆషాఢమో మూఢమో వస్తే అవీ బంద్. రాక్ వాయించాలంటే ఎక్కువగా ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టులే గతి. ఇన్ని రకాల జనం ముందు వాయించేవాణ్ణి నిలకడ లేదనడం అన్యాయం.

పెద్ద పెద్ద రాక్ బ్యాండ్లలోనే ఇది మామూలు సంగతి. ఇంగ్లండు బేసిస్టు జాన్ వెటన్‌ను చూడండి. ఫ్యామిలీ అనే బ్యాండు నుంచి 1972లో కింగ్ క్రిమ్సన్ బ్యాండుకి వెళ్లాడు. 1974లో అది ఆగిపోయింది. రాక్సీ మ్యూజిక్‌తో కచేరీలు చేశాడు, తర్వాత యురాయా హీప్, యూకే అనే బ్యాండ్లు, 1981లో విష్‌బోన్ యాష్‌తో ఒక ఆల్బమ్. ఇన్ని ఇళ్లు తిరిగాక చేరిన ఏషియా బ్యాండు తొలి ఆల్బమ్ 1982లో అమెరికా చార్టులో 9 వారాలు మొదటి స్థానంలో ఉంది. దాంట్లో బేస్ ఆయనదే, గొంతూ ఆయనదే.

అయితే నాలుగు చోట్ల పిలుపు ఊరికే రాదు. మన ఆర్కెస్ట్రాల్లో బేసిస్టుకి మొదటి తలనొప్పి కీబోర్డిస్టు ఎడమ చెయ్యి. ఏళ్ల తరబడి బేస్ లేకుండా లాగించిన అలవాటు కొద్దీ ఆ చెయ్యి కింది స్వరాలు వాయిస్తూనే ఉంటుంది. ఒకే చోట రెండు బేస్‌లు కలిస్తే పందిరి మొత్తం బురద మోత, డ్రమ్ కిక్ కూడా వినబడదు. దీనికి ఈక్వలైజర్‌తో మందు లేదు. రిహార్సల్లోనే "అన్నా, మిడిల్ సీ (కీబోర్డు నడిమి C స్వరం) కింద నాకు వదిలెయ్యి" అని మర్యాదగా అడగాలి. స్టేజి మీద అడిగితే గొడవ.

రెండోది శ్రుతి. గాయని గొంతు బాగోలేదనగానే కీబోర్డిస్టు ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి ఊరుకుంటాడు. బేస్‌కి ఆ మీట లేదు. E స్కేల్‌లో ఉన్న పాట అర స్వరం దిగిందంటే నాలుగు తీగల బేస్‌లో అడుగు స్వరమే పోతుంది. దాని అన్నిటికన్నా మంద్రమైన తీగ E, 41 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. A తీగ మీద 6వ ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే మెడ మీది లోహపు మెట్టు) ఆ దిగిన స్వరం, E ఫ్లాట్, దొరుకుతుంది గానీ అది ఒక స్థాయి పైన, పలచగా ఉంటుంది. అందుకే ఆర్కెస్ట్రాకి ఐదు తీగల బేస్ మేలు, అదనంగా ఉండే B తీగ మీద 4వ ఫ్రెట్ నొక్కితే సరి. కార్డ్స్ (chords, కలిపి వాయించే స్వరాల గుంపులు) పేర్లు కాకుండా 1, 4, 5 అని అంకెల్లో రాసుకున్నవాడికి శ్రుతి మారినా కాగితం మారదు. ఆ కాగితం మీద పల్లవి, బీజీఎం, చరణం ఎన్నెన్ని బార్లో, ముగింపు ఎలాగో ఉంటే చాలు. కొత్త బ్యాండులో పరువు పోయేది చాలాసార్లు ముగింపు దగ్గరే. చర్చిలో మళ్లీ వేరు: పాట ఎప్పుడు ఆగాలో పాస్టరుగారి చెయ్యి చెబుతుంది, లెక్క కాదు.

వాయిద్యం సంగతి. ఏసీ గదిలో సాధన చేసి మే నెల ఎండలో షామియానా కిందికి తెస్తే కొయ్య ఊరుకోదు, మెడ వంగుతుంది. శ్రుతి చేసి, తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ బాడీని కలిసే చోటా నొక్కి పట్టుకుని 7, 8 ఫ్రెట్‌ల దగ్గర సందు చూడాలి. విజిటింగ్ కార్డు దూరేంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు, ఉంటే బాగున్నట్టే. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) గడియారం ముల్లు తిరిగే వైపు, అసలు సందే లేకుండా తీగ ఫ్రెట్‌లకు కొట్టుకుంటుంటే దానికి ఎదురు తిప్పాలి. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. మళ్లీ శ్రుతి చేసి చూడాలి, మర్నాడు ఇంకోసారి చూడాలి. బిగుసుకున్న నట్టును బలవంతంగా తిప్పితే రాడ్ తెగుతుంది, ఆపైన ఖర్చు మెడ మొత్తానికి. ప్రోగ్రాం రోజు దీని జోలికి పోవద్దు.

యాక్టివ్ బేస్‌లో (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న బేస్‌లో) కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సౌండ్ చెక్ అయ్యాక కేబుల్ పీకకపోతే రెండో సెట్‌లో బరబరమని శబ్దం మొదలవుతుంది. జనరేటర్ మీద నడిచే స్టేజిలో గుయ్‌మనే హమ్ వస్తే డీఐ బాక్స్ (గిటార్‌ను మిక్సర్‌కి కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడాలి. ప్లగ్గు మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, పీకేసే మహానుభావులు ఉన్నారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని. తీగల మీద చేతులుండగా మైక్ పెదవికి తగిలితే తెలుస్తుంది.

బ్యాండ్లు మారేవాడికి నిజమైన నష్టం పేరు దగ్గర. రాక్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ రెండో సోలో ఆల్బమ్‌లో బేస్ వాయించింది బాబ్ డేస్లీ అయితే, 1981లో అట్ట మీద అచ్చయిన పేరు రూడీ సార్జోది. 2002లో మళ్లీ విడుదల చేసినప్పుడు డేస్లీ వాయించిన బేస్‌నే తీసేసి రాబర్ట్ ట్రుహీయోతో కొత్తగా వాయింపించారు. మన ఊళ్లో ఇంత వ్యవహారం ఉండకపోవచ్చు. అయినా తేదీ, ఎన్ని సెట్‌లు, యాంప్ (యాంప్లిఫయర్) ఎవరు తెస్తారు, వీడియో యూట్యూబ్‌లో పెడితే పేరు వేస్తారా లేదా, ఈ నాలుగూ వాట్సాప్‌లోనైనా రాయించుకుని సగం అడ్వాన్సు పుచ్చుకోవాలి.

ఇక ఇక్కడి కమిటీలుగా మనవైపు. కళాకారుల బృందాలకిచ్చే అమెరికా పీ-1 గ్రూప్ వీసాకి సభ్యుల్లో 75 శాతం మంది కనీసం ఏడాదిగా ఆ బృందంతో ఉన్నవారై ఉండాలి. ఇది చూపించి "బేసిస్టు కొత్తవాడు, కీబోర్డుతో సరిపెడదాం" అని ఆయన్ని తప్పించే కమిటీలున్నాయి. ఎనిమిది మంది వస్తుంటే ఆరుగురు పాతవారైతే చాలు, ఇద్దరు కొత్తవారు ఉండొచ్చు. ఆ ఇద్దరిలో ఒకరిగా బేసిస్టు పేరు మొదటి రోజే లాయరుకి ఇవ్వండి. టూరిస్ట్ వీసా మీద రప్పించి డబ్బిచ్చి వాయింపించడం కుదరదు. ఆయన యాంప్ మోసుకు రానక్కర్లేదు. 230 వోల్టులకే చేసినది ఇక్కడి 120లో ఎలాగూ సరిగా పనిచెయ్యదు. అద్దెకి ఒక బేస్ యాంప్, ఒక డీఐ బాక్స్ మాట్లాడి పెట్టండి. పెడల్ అడాప్టర్ మీద 100–240 అని ఉందో లేదో ఫొటో తీసి పంపమని ముందే అడగండి. బ్రోచర్‌లో గాయకుల కింద "మరియు బృందం" అని సరిపెట్టకుండా బేసిస్టు పేరు కూడా అచ్చెయ్యండి.