తలపాగాతో పోయిందని వదిలేద్దామా?

పైనుంచి జారిన సుత్తి భుజానికి జానెడు దూరంలో పడుతుంది. లోయ అంచున కాలు జారిన ట్రెకర్ చేతికి ఆఖరి క్షణంలో చెట్టు వేరు దొరుకుతుంది. చూస్తున్నవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. భూమ్మీద నూకలున్నాయంటారు, తలకు వచ్చింది తలపాగాతో పోయిందంటారు. కాసేపటికి ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. సుత్తి ఎందుకు జారింది, దానికి తాడు ఎందుకు కట్టలేదు, కింద మనుషులు తిరిగే దారి ఎందుకు ఉంది అని అడిగేవారుండరు. రక్తం చిందలేదు కాబట్టి అసలేమీ జరగనట్టే లెక్క. ఈ లెక్క తప్పని మేము గట్టిగా నమ్ముతున్నాం. ఎవరి ప్రాణమూ పోకుండానే ప్రమాదం తన దారి చూపించి వెళ్లింది. ఆ సమాచారం తప్పించుకున్న మనిషి ఒక్కడిదే కాదు, రేపు అదే చోట నిలబడబోయే ప్రతి ఒక్కరిదీ.

కటింగ్ పని జరిగే చోట తరచూ కనిపించేదే చూద్దాం. ఇనుమూ రాయీ కోసే నాలుగంగుళాల గ్రైండర్‌లో డిస్కు నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. ఏ డిస్కు ఎన్ని చుట్ల దాకా తట్టుకుంటుందో దాని మీదే అచ్చువేసి ఉంటుంది. ఏడంగుళాల డిస్కుకైతే ఆ హద్దు సుమారు 8,500. చిన్న డిస్కుతో లోతుగా తెగడం లేదని, డిస్కు ముక్కలు మనిషి మీదికి రాకుండా ఆపే గార్డు ఊడదీసి, అదే మెషిన్‌కు పెద్ద డిస్కు బిగిస్తారు. హద్దులో తిరిగినా డిస్కు అంచు వేగం సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు 288 కిలోమీటర్లు. ఇక హద్దు దాటి తిరుగుతున్నది ఏ కాస్త పక్కకు ఒరిగినా ముక్కలవుతుంది. ఒక ముక్క చెవి పక్క నుంచి దూసుకుపోయి గోడకు తగులుతుంది. మనిషి చెవి తడిమి చూసుకుంటాడు, ముక్కల్ని కాలితో పక్కకు నెడతాడు, ఇంకో డిస్కు బిగిస్తాడు. గార్డు మూలనే పడి ఉంటుంది. మేస్త్రీకి చెప్పడు. చెబితే గార్డు ఎందుకు తీశావని తననే నిలదీస్తారు, డిస్కు ఖరీదు కూలిలో కోసినా కోస్తారు. సరైన మెషిన్ ఎందుకివ్వలేదు, సాయంత్రానికి ఇంత పని అయి తీరాలని ఎవరు తొందరపెట్టారు అన్న ప్రశ్నలు మాత్రం రావు. మర్నాడు ఆ గ్రైండర్ ఇంకో కుర్రాడి చేతికి వెళ్తుంది. అతనికి ఈ సంగతి తెలియదు.

సాహసయాత్రల్లో కథ వేరు. అక్కడ ఎవరూ దాచుకోరు, పైగా చాటుకుంటారు. హెల్మెట్ కెమెరాకు చిక్కిన ఆ నాలుగు సెకన్లకు లైకులు, చప్పట్లు. కానీ అసలు చూడాల్సింది వీడియోలో ఉండదు. అది గంట ముందు తీసుకున్న నిర్ణయం. ఆలస్యంగా బయల్దేరి కూడా శిఖరం ఎక్కే తీరాలనుకోవడం, ఉరుము వినబడ్డా వెనక్కి తిరగకపోవడం. ఉరుము చెవిన పడిందంటే పిడుగు మనదాకా వచ్చేంత దగ్గర్లో ఉన్నట్టే. ఆఖరి ఉరుము తర్వాత కనీసం 30 నిమిషాలు సురక్షితమైన చోట ఆగాలన్నది నిపుణులందరూ చెప్పే మాట. ఆగకుండా ఎక్కి, క్షేమంగా దిగొస్తే ఆ నిర్ణయం సరైనది అయిపోదు. అయినా మనసు అలాగే లెక్కవేసుకుంటుంది. పోయినసారి ఏం కాలేదు కదా అన్న ధైర్యంతో ఈసారి ఇంకాస్త ముందుకెళ్తుంది. కూలిపని దగ్గర భయం నోరు నొక్కేస్తోంది, కొండ మీద పొగడ్త అసలు కారణాన్ని కప్పేస్తోంది. రెండు చోట్లా పాఠం అందాల్సిన వాళ్లకు అందడం లేదు.

అనుభవం ఉన్నవాళ్లకు ఇవన్నీ జరగవనుకుంటే పొరపాటు. ప్రపంచంలోనే మేటి క్లైంబర్లలో ఒకరైన లిన్ హిల్ 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ దగ్గర ఒక తేలికపాటి మార్గం ఎక్కారు. తాడును నడుము బెల్టులోంచి దూర్చారు గానీ మధ్యలో ధ్యాస మళ్లి ముడి పూర్తి చేయలేదు. పైదాకా బాగానే వెళ్లారు. కిందికి దిగడానికి తాడు మీద బరువు వేయగానే ఇరవై మీటర్లకు పైగా ఎత్తు నుంచి పడిపోయారు. చెట్టు కొమ్మలు అడ్డుపడి ప్రాణం దక్కింది. మోచేయి పక్కకు తొలగింది, పాదానికి దెబ్బ తగిలింది. నాలుగేళ్లకు అమెరికాలోని ఎల్ కాపిటన్ అనే నిటారు కొండ మీది ‘నోస్’ మార్గాన్ని ఫ్రీ క్లైంబింగ్‌లో, అంటే తాడును పడిపోకుండా కాపాడటానికే ఉంచుకుని కాళ్లూ చేతులతోనే ఎక్కే పద్ధతిలో, మొదటిసారి పూర్తిచేసింది ఆమే. మేము ఇక్కడ గుర్తుచేయదలచింది ఆ విజయాన్ని కాదు. ముడి మరిచిపోయానని ఆమె దాచకుండా చెప్పారు. నేల విడిచే ముందు ఒకరి ముడి ఇంకొకరు చేత్తో పట్టి చూడాలనే అలవాటు ఎందుకో ఆ కథ విన్న క్లైంబర్‌కు మళ్లీ చెప్పనక్కర్లేదు. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచీ ఏటా పర్వతారోహణ ప్రమాదాల్ని, వాటి కారణాల్ని విశ్లేషించి అచ్చువేస్తోంది. ప్రతి ట్రెకింగ్ సంస్థా తన స్థాయిలో ఈ పని చేయొచ్చు.

చెప్పినా పక్కవాడిదాకా చేరకపోతే ఏమవుతుందో విమానయానం చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ అనే అమెరికన్ సంస్థ 514 విమానం వాషింగ్టన్ సమీపంలోని డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ కొండను ఢీకొంది. అందులోని 92 మందీ చనిపోయారు. నేల మీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ ఇచ్చిన అనుమతికి పైలట్లు వేరే అర్థం తీసుకుని, దిగాల్సిన దానికంటే ముందే కిందికి దిగారు. అంతకు ఆరు వారాల ముందు, మరో సంస్థ విమానం అక్కడే అదే పొరపాటు చేసి తృటిలో బయటపడింది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది కూడా. మిగతా సంస్థలకు చెప్పే ఏర్పాటే అప్పటికి లేదు. ఆరు వారాలు! ఆ తర్వాత, 1976లో తప్పిన ప్రమాదాల గురించి పైలట్లు స్వేచ్ఛగా రాసి పంపే విధానం అమెరికాలో మొదలైంది. దాన్ని శిక్షించే అధికారం ఉన్న శాఖకు కాకుండా నాసాకు అప్పగించారు. రాసినవాళ్ల పేర్లు తీసేస్తారు. తెలియక జరిగిన పొరపాటుకైతే జరిమానా నుంచి రక్షణ ఉంటుంది. శిక్ష భయం తగ్గాకే మనుషులు నోరు విప్పారు.

పనిచోట ప్రమాదాల గురించి 1931లో అమెరికాలో ఒక బీమా సంస్థలో పనిచేసే హెన్రిచ్ ఒక లెక్క చెప్పాడు. ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, గాయమే లేని ఘటనలు 300 ఉంటాయని. ఆ అంకెల మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి, వాటిని పట్టుకుని వేలాడక్కర్లేదు. ఎన్నిసార్లు తప్పిందన్న దానికంటే ఏది తప్పిందన్నది ముఖ్యం. పది మీటర్ల ఎత్తు నుంచి పడ్డ సుత్తి నేలను తాకేటప్పటికి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అది ఒక్కసారి పడినా చాలు, పని ఆపి పైకెక్కి చూడాల్సిందే.

‘ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు’ అని గేటు దగ్గర పెట్టే బోర్డుల గురించి కూడా ఒక మాట. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ అంకెకు బోనస్ ముడిపెడితే, వేలు తెగినవాడు కూడా గుడ్డ చుట్టుకుని ఊరుకుంటాడు. తోటివాళ్ల బోనస్ పోగొట్టిన పాపం తనకెందుకని. ఇక తప్పిన ప్రమాదం సంగతి ఎవరు చెబుతారు? లెక్కపెట్టాలంటే ఎన్ని ప్రమాదాలు తప్పినట్టు చెప్పారో, అందులో ఎన్నింటికి కారణం సరిచేశారో లెక్కపెట్టాలి. అంకె పెరిగితే సూపర్‌వైజర్‌ను తప్పుపట్టకూడదు, మెచ్చుకోవాలి.

పని ఆపే హక్కు కొత్తగా కోరుతున్నది కాదు. తన ప్రాణానికి లేదా ఆరోగ్యానికి తక్షణం తీవ్రమైన ముప్పు ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండి పని వదిలి పక్కకు వచ్చిన కార్మికుణ్ని శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 155వ ఒప్పందంలో రాసింది. 2022లో ఆ ఒప్పందాన్ని ప్రాథమికమైన వాటిలో చేర్చింది. అయినా నేటికీ, పైనుంచి సుత్తి పడ్డప్పుడు ‘ఏం కాలేదుగా, కానివ్వు’ అన్న కేకే వినిపిస్తోంది. అలా కేక వేసే మేస్త్రీ కూడా తన పై అధికారి పెట్టే ఒత్తిడినే కిందికి దించుతుంటాడు. అందుకే మార్పు పైనుంచే మొదలవ్వాలి. పని అప్పగించే యజమాని, పని ఆగిన అరగంటకు కూలి కోయకూడదని కాంట్రాక్టులోనే రాయించాలి. ఏం తప్పిందో చెప్పడానికి, కూలి లెక్క చూసే మనిషి కాకుండా ఇంకొకరు ఉండాలి. చెప్పినదాని మీద ఏం చేశారో చెప్పినవాడికి ఆ వారంలోనే తెలియాలి. ఒక్కరోజు కూలికి వచ్చినవాడికి కూడా ఇదంతా వర్తిస్తుందని, అతని చేతికి పనిముట్టు ఇవ్వకముందే, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి.