ప్రూఫ్‌లైక్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రూఫ్‌లైక్ నాణెం గారికి,

నమస్కారాలు. తమరు నిన్న పార్సిల్‌లో క్షేమంగా చేరారు. ప్రకటనలో 'ప్రూఫ్' అని లావుపాటి అక్షరాల్లో ఉంది, 'లైక్' మాత్రం కింది లైనులో కనీకనిపించకుండా నక్కింది. తమ తళతళ చూసి మురిసిపోవాల్సిందే గానీ, నేను కట్టింది ప్రూఫ్ ధర.

ప్రూఫ్ అంటే నాణెం ఎంత బాగుందో చెప్పే మార్కు కాదు, ఎలా తయారైందో చెప్పే మాట. ఈ సంగతి తమకు తెలియనిదా? బొమ్మను అచ్చుగుద్దే డైకి పాలిష్ పెట్టాలి, ఇంకా బొమ్మ పడని లోహపు బిళ్ళను ప్రత్యేకంగా సిద్ధం చేయాలి, కనీసం రెండు దెబ్బలు వేయాలి. తమరేమో మామూలు బిళ్ళగా పుట్టి, ఒక్క దెబ్బ తిని, డై కొత్త పాలిష్ మీద ఉన్నప్పుడు దాని కింద పడ్డ అదృష్టానికి మెరుస్తున్నారు. సంచిలో తోటి నాణేలతో గుద్దుకున్న గీతలు ఆ మెరుపు వల్లే ఇంకా బాగా కనిపిస్తున్నాయి. డాక్టర్‌లా కనిపించే మనిషితో ఆపరేషన్ చేయించుకుంటామా?

మెరుపు లేకుండా మసకగా ఉండే మాట్ ప్రూఫ్‌ని చూడండి. 1909 నుంచి 1916 దాకా అమెరికా టంకశాల లింకన్ సెంట్లను ఆ పద్ధతిలో కొట్టింది. అద్దం లేదు, మెరుపు లేదు. చిల్లరలో కలిస్తే తెలియనివాడు ఖర్చు పెట్టేస్తాడు. అయినా అది ప్రూఫే. జేబుల్లో తిరిగి అరిగిపోయినా ప్రూఫే! నాణెం స్థితికి మార్కులేసే, 70 దాకా ఉండే కొలమానంలో 60 కిందికి జారి 'ఇంపెయిర్డ్' (దెబ్బతిన్నది) అనిపించుకుంటుందేమో గానీ, ఇంటిపేరు పోదు. ప్రూఫ్‌లా కనిపించనిది ప్రూఫ్, అచ్చం అలాగే కనిపించే తమరు కాదు. ఇదెక్కడి న్యాయమండీ?

తమ బంధువులూ తక్కువ తినలేదు. నల్లటి అద్దం మీద తెల్లటి బొమ్మ తేలితే నాణేలకు గ్రేడు వేసే కంపెనీల్లో పీసీజీఎస్ వాళ్లు డీప్ కామియో అంటారు, అదే రూపాన్ని ఎన్‌జీసీ వాళ్లు అల్ట్రా కామియో అంటారు. రివర్స్ ప్రూఫ్‌లో బొమ్మ మెరుస్తుంది, చుట్టూ మసక. అది నాణెం వెనకవైపు గురించిన మాట అనుకునేవాళ్లకు దేవుడే దిక్కు.

ఇక మర్యాద చాలు. మోర్గాన్ డాలర్లు అనే పాత అమెరికా వెండి నాణేలు సేకరించేవాళ్లు నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. వాళ్ల దగ్గర 'డీప్ మిర్రర్ ప్రూఫ్‌లైక్' అని నిండు పేరు, దానికి వేరే గిరాకీ. అక్కడ ఎవడూ 'లైక్' దాచడు, దాచాల్సిన ఖర్మ లేదు. నా మంట అదే! సొంత పేరు పెట్టుకుని, సొంత ధరకి వచ్చి ఉంటే నిన్ను నేనే ఎదురొచ్చి కొనుక్కునేవాణ్ణి. ఒక్క దెబ్బకే ఇంత అద్దం తేలడం చిన్న విషయమా?

అమ్మినవాడు మాత్రం ఫోన్లో 'రెండూ ఒకటే సార్' అంటున్నాడు. ఒకటే అయితే అంత చిన్న అక్షరాలు దేనికట? డబ్బు వాపసు ఇవ్వనంటే, కనీసం ఆ 'లైక్' మేరకైనా ధర తగ్గించమను.

ఇట్లు,
భూతద్దం కింద పెట్టని
తమ కొనుగోలుదారు